క్యాంపర్ వ్యాన్‌కు కరెంటు: ముందు పొయ్యి సంగతి, ఏసీ సంగతి తేల్చుకోండి

వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకోవాలనుకునేవారు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "బండి పైన ఎన్ని వాట్ల సోలార్ పెట్టించాలి?" జవాబు చెప్పే ముందు నేను రెండు విషయాలు అడుగుతాను. వంట దేని మీద చేస్తారు? మే నెల రాత్రి ఏసీ లేకుండా మీకు నిద్ర పడుతుందా? ఈ రెండూ తేలితే బ్యాటరీ ఎంతది, ప్యానెళ్లు ఎన్ని, ఇన్వర్టర్ ఏది, వైరు ఎంత లావు అన్నవన్నీ కాగితం మీద అరగంటలో తేలిపోతాయి. ఇవి తేల్చకుండా ప్యానెళ్లతో మొదలుపెట్టినవారు ఏడాది తిరగకముందే అంతా ఊడదీసి మళ్లీ వేయించుకుంటారు. మొదటిసారి మాకూ అదే అనుభవమైంది. ఆ ఖర్చు మీకు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది పాత టెంపో ట్రావెలర్. ఇద్దరు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు. హైదరాబాద్ నుంచి మూడు నాలుగు రోజుల ప్రయాణాలే ఎక్కువ: శ్రీశైలం, నాగార్జునసాగర్, గండికోట, సూర్యలంక, చలికాలంలో అరకు, లంబసింగి. కింది లెక్కలు ఇలాంటి కుటుంబానికి, మన ఎండకు, మన దారులకు తగినవి. కరెంటు బిల్లులో చూసే యూనిట్టే ఇక్కడా నా కొలత. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

గ్యాసా, ఇండక్షనా?

నలుగురికి అన్నం, పప్పు, ఒక కూర ఇండక్షన్ పొయ్యి మీద వండితే మేము కొలిచినప్పుడు పూటకు దాదాపు ముప్పావు యూనిట్ అయింది. పొద్దున టిఫిను, రెండుసార్లు టీ కలుపుకుంటే రోజుకు రెండు యూనిట్లు. వ్యాన్‌లో ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ల్యాప్‌టాప్ అన్నీ కలిపినా ఒకటిన్నర యూనిట్ దాటవు. అంటే పొయ్యి ఒక్కటే మిగతా ఇల్లంతటి కన్నా ఎక్కువ తింటుంది.

రోజు మొత్తం వాడకం ఒక ఇబ్బంది, ఆ క్షణంలో లాగే కరెంటు ఇంకో ఇబ్బంది. 1,500 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టర్ నష్టం కలుపుకొని, 130 యాంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని మోయాలంటే 2,000 వాట్ల ఇన్వర్టర్, 70 స్క్వేర్ ఎంఎం కేబుల్, కనీసం 400 యాంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ కావాలి. ఒక్క పొయ్యి కోసం బ్యాటరీ ఖర్చు రెట్టింపవుతుంది.

అదే గ్యాస్ అయితే 14.2 కిలోల సిలిండర్ నెలన్నర వచ్చే ఇంటికి 5 కిలోల చిన్న సిలిండర్ రెండు వారాలు వస్తుంది. నలుగురి కుటుంబానికి నా ఓటు గ్యాస్‌కే. అయితే కొన్ని షరతులున్నాయి. ఎల్పీజీ గాలికన్నా బరువైనది. కారితే నేలమీద పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్‌కు విడిగా, లోపలి గదికి గాలి చొరబడని అర కట్టించి, దాని అడుగున బయటికి రంధ్రం పెట్టించాలి. అదే అరలో బ్యాటరీ గానీ స్విచ్ గానీ ఉండకూడదు. తలుపులన్నీ మూసి వండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మేము వాన లేని రోజుల్లో పొయ్యిని బయట మడత బల్ల మీదే పెడతాం.

పిల్లలున్న బండిలో మంట అంటే మనసొప్పదనే వారి భయాన్ని నేను కాదనను. వారు ఇండక్షన్ పెట్టుకోవచ్చు, కానీ రెట్టింపు బ్యాటరీకి సిద్ధపడాలి. ఇద్దరే ఉండి, పొద్దున టీ, ఉప్మా మాత్రమే వండుకొని మిగతా పూటలు దారిలో భోజనం చేసేవారికి గ్యాస్ అక్కరలేదు. చిన్న ఇండక్షన్ పొయ్యిని 800 వాట్ల దగ్గర పెట్టి వాడుకుంటే రోజుకు అర యూనిట్‌లోపే పని జరుగుతుంది.

ఏసీ మాటకొస్తే

ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ మే నెలలో, పలుచని రేకు గోడల బండిలో, గంటకు అర యూనిట్‌కు పైనే తీసుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటలకు ఐదు యూనిట్లు అనుకోండి. మర్నాడు ఆ ఐదు యూనిట్లు ఎండతో తిరిగి నింపాలంటే సుమారు 1,400 వాట్ల ప్యానెళ్లు కావాలి. ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల పెద్ద ప్యానెల్ ఒక్కొక్కటి 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు ఉంటుంది. అలాంటివి మూడు, వాటి మధ్య గాలి ఫ్యాను రంధ్రం, మా బండి టాపు మీద పట్టవు. సోలార్‌తో రాత్రంతా ఏసీ నడుస్తుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

చిన్న పసివాళ్లు, గుండె జబ్బున్న పెద్దలు వెంట ఉంటే ఏసీ విలాసం కాదు, అవసరం. అప్పుడు సోలార్‌ను పక్కనపెట్టి, బండికి బయట 16 యాంపియర్ల ప్లగ్ ఇన్లెట్ పెట్టించుకొని, రాత్రికి ప్లగ్ దొరికే చోటే ఆగేలా ప్రయాణం వేసుకోవాలి. మిగతావారికి నా సలహా: తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారున్న 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, టాపు మీద వేడిగాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటి, గోడల్లో మంచి ఇన్సులేషన్. ఇన్సులేషన్‌కు పెట్టే డబ్బు బ్యాటరీకి పెట్టే డబ్బు కన్నా బాగా పనిచేస్తుంది. చిన్న కూలర్ 50, 60 వాట్లతో రాయలసీమ, తెలంగాణ పొడి వేడిలో హాయినిస్తుంది. సూర్యలంక తీరాన అదే కూలర్ ఉక్కపోతను ఇంకా పెంచుతుంది. అక్కడ ఫ్యాను గాలే మేలు. ఇంకో మాట: మేలో గండికోట రాళ్ల మీద పడుకోవాలన్న పట్టుదల వద్దు. హార్స్‌లీ కొండలకో అరకుకో వెళ్లండి. ప్రయాణాల క్యాలెండరును సరిచేసుకోవడం అన్నిటికన్నా చవకైన ఏసీ.

రోజు లెక్క

గ్యాస్ పొయ్యి, ఏసీ లేదు అనుకున్నాక మిగిలేది ఇది. 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మేలో రోజుకు 600 వాట్-అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్) తీసుకుంటుంది, డిసెంబరులో 350 దాకా. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 400. లైట్లకు 100, ల్యాప్‌టాప్‌కు 200, ఫోన్లకు 60, నీళ్ల పంపుకు 20. ఐదు నిమిషాల పచ్చడి మిక్సీకి 40, ఇన్వర్టర్ తన సొంతానికి తినేది 30. మొత్తం 1,450. ఒకటిన్నర యూనిట్ అనుకుందాం.

మీ లెక్క మీరు వేసుకోండి. వస్తువు మీద రాసిన వాట్లు నమ్మకండి. ఇంట్లో ప్లగ్‌కు పెట్టే చిన్న వాట్ మీటర్‌తో ఒకరోజంతా కొలవండి. ఫ్రిజ్‌ను మాత్రం వేసవి మధ్యాహ్నం కొలవాలి. డిసెంబరులో కొలిచిన ఫ్రిజ్ లెక్క మేలో మోసం చేస్తుంది.

ఏ బ్యాటరీ?

మా మొదటి ఏర్పాటులో ఇళ్లలో వాడే 150 యాంపియర్-అవర్ల ట్యూబులర్ రకం సీసం బ్యాటరీ ఉండేది. ఇంట్లో పదేళ్లుగా దాన్ని చూస్తున్నాం, డిస్టిల్డ్ వాటర్ పోయడం తెలుసు, ధర తక్కువ, పాడైతే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఇల్లు కదలదు, బండి కదులుతుంది. నల్లమల ఘాట్ మలుపులు దాటేసరికి వెనక సీటు కింద చెక్క మీద యాసిడ్ మరకలు కనిపించాయి. ఛార్జ్ అయ్యేటప్పుడు అది హైడ్రోజన్ వదులుతుంది; మూసిన బండిలో, పక్కనే పొయ్యి ఉన్నచోట, ఆ వాయువు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఆ తరువాత ట్యూబులర్‌ను బండి లోపల పెట్టమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

సామర్థ్యం సంగతి చూద్దాం. 150 యాంపియర్-అవర్లను 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు, అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు వేగంగా తగ్గుతుంది కాబట్టి వాడదగింది 0.9 యూనిట్. మన ఒకటిన్నర యూనిట్‌కు రెండు బ్యాటరీలు కావాలి, అంటే వంద కిలోలకు పైగా బరువు. చాలామంది గమనించని మరో లోపం ఛార్జింగ్ వేళది. సీసం బ్యాటరీ చివరి 20 శాతం నిండడానికి గంటల తరబడి తీసుకుంటుంది. ఎండ అంతసేపు ఆగదు. రోజూ అరకొరగా నిండే బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, రెండేళ్లు తిరిగేసరికి సత్తువ పోతుంది. తప్పు బ్యాటరీది కాదు. అది రాత్రంతా కరెంటు ఉండే ఇంటి కోసం పుట్టింది.

ఏజీఎం, జెల్ రకాలూ సీసం బ్యాటరీలే, కానీ యాసిడ్ ఒలకనివి, నీళ్లు పోయనక్కరలేనివి. బరువు, సగం వాడకం, నెమ్మది ఛార్జింగ్ మాత్రం అవే. ఇప్పుడు వాటిని ఎంచుకోవడానికి నాకు బలమైన కారణం కనిపించదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, దుకాణాల్లో ఎల్ఎఫ్‌పీ అంటారు. 3.2 వోల్టుల సెల్లులు నాలుగు వరుసగా కలిపితే 12.8 వోల్టులు. 200 యాంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 2.56 యూనిట్లు. పదింట తొమ్మిది వంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు, అంటే 2.3 యూనిట్లు. బరువు 20 నుంచి 25 కిలోలు. ఛార్జ్ చేసిందాంట్లో తిరిగి వచ్చేది 95 శాతం పైనే. రెండు, మూడు వేలసార్లు నింపి ఖాళీ చేయవచ్చు. సగం నిండి ఉన్నా దానికి నష్టం లేదు. నిజానికి అదే దానికిష్టం. కొనేటప్పుడు ధర ఎక్కువ. అయితే పెట్టె మీది అంకెతో కాకుండా వాడదగిన యూనిట్‌తో ధరను భాగించి చూడండి, తేడా చాలా కుంచించుకుపోతుంది.

అందుకే 12 వోల్టులు, 200 యాంపియర్-అవర్ల ఎల్ఎఫ్‌పీ మా ఎంపిక. కొనేటప్పుడు దుకాణంలో అడగాల్సిన మొదటి మాట "బీఎంఎస్ ఎన్ని యాంపియర్లు మోస్తుంది?" అన్నది. బ్యాటరీ లోపల కాపలాగా ఉండే సర్క్యూట్ పలక అది. బ్యాటరీ 200 యాంపియర్-అవర్లదైనా బీఎంఎస్ 50 యాంపియర్లదే అయితే వెయ్యి వాట్ల ఇన్వర్టర్ పూర్తి భారం మీద నడవదు. దానికి 90 యాంపియర్లు కావాలి. కనీసం 100 యాంపియర్లు నిరంతరంగా మోసేది తీసుకోండి. వేడి ఎక్కువైనప్పుడు, చలి సున్నాకు దిగినప్పుడు ఛార్జింగ్ ఆపుతుందా అని కూడా అడగండి. సున్నా డిగ్రీల కింద ఈ రకాన్ని ఛార్జ్ చేస్తే సెల్లు శాశ్వతంగా పాడవుతుంది. మన కొండల్లో ఆ భయం తక్కువే, లద్దాఖ్ వెళ్లేవారికి మాత్రం ముఖ్యం. అమెరికాలో, కెనడాలో బండి కట్టుకునే మనవాళ్లకైతే ఇదే మొదటి ప్రశ్న. అక్కడ గడ్డకట్టే చలి ఉండే చోట్ల బ్యాటరీని వెచ్చగా ఉంచే ఏర్పాటు తప్పనిసరి. ఇన్వర్టర్ కూడా అక్కడి 120 వోల్టులదే కొనాలి.

మనకు శత్రువు వేడి. బ్యాటరీని ఇంజిన్ దగ్గర, సైలెన్సర్ పైన, బండి అడుగున పెట్టకండి. మనం పడుకునే చోటే, మంచం కింద, గాలి తగిలేలా పెట్టండి.

ఇంకో విషయం. లిథియం బ్యాటరీ వోల్టేజీ 90 శాతం నుంచి 20 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. వోల్ట్ మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి; లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన యాంపియర్లను అది లెక్కపెడుతుంది. ఈ ఖర్చులో పొదుపు చేయవద్దు. ఎలక్ట్రిక్ స్కూటర్ల నుంచి విప్పిన పాత బ్యాటరీలు చవకగా దొరుకుతాయి. వాటి చరిత్ర ఎవరికీ తెలియదు, పైగా వాటిలో చాలావరకు ఎల్ఎఫ్‌పీ కన్నా త్వరగా మంటలంటుకునే రకాలు. పిల్లలు పడుకునే మంచం కింద పెట్టే వస్తువు అది.

సిద్ధంగా దొరికే పెట్టె

బ్యాటరీ, ఇన్వర్టర్, ఛార్జ్ కంట్రోలర్ ఒకే పెట్టెలో ఉండే పవర్ స్టేషన్లు వచ్చాయి. ఏడాదికి పది రోజులకు మించి వెళ్లనివారు, సొంత కారులో లేదా అద్దె బండిలో తిరిగేవారు, ఒక యూనిట్ సామర్థ్యమున్న పెట్టె, మడిచే 200 వాట్ల ప్యానెల్ ఒకటి కొనుక్కుంటే చాలు. బండిలో ఒక్క రంధ్రం చేయనక్కరలేదు, ఇంట్లో కరెంటు పోయినప్పుడూ అక్కరకొస్తుంది. ఇలాంటివారికి ఈ వ్యాసంలో మిగతాది అవసరం లేదు.

తరచూ తిరిగేవారికి మాత్రం నేను దీన్ని చెప్పను. కారు సాకెట్ నుంచి ఇది వంద వాట్ల వేగంతోనే నిండుతుంది. 12 వోల్టుల అవుట్‌పుట్ సాధారణంగా పది యాంపియర్లతో ఆగిపోతుంది. లోపల ఏ చిన్న భాగం పోయినా మొత్తం పెట్టె మూలన పడుతుంది. విడిభాగాల ఏర్పాటులో పోయిన భాగం ఒక్కటే మార్చుకుంటాం.

12 వోల్టులా, 24, 48 వోల్టులా అన్న చర్చ ఈ పరిమాణానికి అక్కరలేదు. గ్యాస్ పొయ్యి వాడే బండికి 12 చాలు. ఫ్రిజ్, పంపు, ఫ్యాన్లు, బండి బ్యాటరీ అన్నీ అవే. ఇండక్షన్, ఏసీ రెండూ కావాలనుకొని 3,000 వాట్ల ఇన్వర్టర్ వైపు వెళ్లేవారు 48కి వెళ్లండి. అదే శక్తికి కరెంటు నాలుగో వంతుకు తగ్గుతుంది, కేబుల్ సన్నబడుతుంది.

ఎండ కన్నా ముందు ఇంజిన్

సోలార్ మీద మోజులో అందరూ మరచేది ఇంజిన్‌ను. ఇంజిన్ తిప్పే ఆల్టర్నేటర్ కరెంటుతో మన బ్యాటరీని నింపే పరికరం డీసీ-డీసీ ఛార్జర్. 30 యాంపియర్లది బండి నడుస్తున్నంతసేపూ గంటకు సుమారు 400 వాట్-అవర్లు ఇస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఐదు గంటల దారి. ఖాళీ బ్యాటరీతో బయలుదేరినా అక్కడికి చేరేసరికి రెండు యూనిట్లు నిండి ఉంటాయి. వాన పడినా, రాత్రి ప్రయాణమైనా అంతే. రోజూ నాలుగు గంటలు బండి నడిపేవారికి సోలార్ లేకపోయినా జరుగుబాటవుతుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు డీసీ-డీసీ ఛార్జర్ కొనండి, ప్యానెల్ వచ్చే ఏడాది పెట్టించుకోవచ్చు.

దీనికి బదులు చవకైన రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్) బండి బ్యాటరీని, మన బ్యాటరీని నేరుగా కలిపే పద్ధతి ఉంది. సీసం బ్యాటరీల కాలంలో అది నడిచింది. లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంతా లాగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ చల్లబడక మాడిపోతుంది. పైగా చాలా బీఎస్-6 బండ్లలో ఇంధనం పొదుపు కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దానితో నేరుగా కలిపితే బ్యాటరీ సరిగా నిండదు. మీ ఆల్టర్నేటర్ ఎన్ని యాంపియర్లదో చూసుకొని, అందులో సగానికి మించని ఛార్జర్ ఎంచుకోండి.

ప్యానెల్ ఎంపిక

మన దగ్గర రోజుకు సగటున ఐదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు వస్తుంది. అందులోంచి వేడి, దుమ్ము, వైర్లు, కంట్రోలర్ నష్టాలు పోను 70 శాతం చేతికొస్తుందని లెక్క వేసుకోండి. 400 వాట్ల ప్యానెళ్లు 1.4 యూనిట్లు ఇస్తాయి, మన వాడకానికి అంచున సరిపోతుంది. 540 వాట్లయితే 1.9. ప్యానెల్‌ను ఏటవాలుగా లేపే యంత్రాంగం మనకు అవసరం లేదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఏడాది మీద నష్టం స్వల్పం.

వంగే పలుచని ప్యానెళ్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. టాపుకు అతికిస్తారు కాబట్టి కింద గాలి ఆడదు. ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం శక్తి పోతుంది. మే మధ్యాహ్నం 65 డిగ్రీలకు చేరిన ప్యానెల్ 14 శాతం కోల్పోతుంది. అతికించింది ఇంకా ఎక్కువ, పైగా ఆ వేడిని బండిలోకి దింపుతుంది. అద్దం, అల్యూమినియం చట్రం ఉన్న గట్టి ప్యానెల్‌ను నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున బిగిస్తే అది టాపుకు గొడుగులా నీడనిస్తుంది. ఈ ఒక్క కారణం చాలు గట్టిదాన్ని ఎంచుకోవడానికి.

ఇక 12 వోల్టుల చిన్న ప్యానెళ్లు నాలుగా, ఇంటి మీద పెట్టే 540 వాట్లది ఒకటా? టాపు మీద చోటుంటే నేను పెద్దదాని వైపే. వాట్‌కు ధర బాగా తక్కువ, మధ్యలో జాయింట్లు లేవు. 28 కిలోల బరువు, గాలి పోటు ఉంటాయి కాబట్టి నాలుగు మూలల క్లాంపులతో సరిపెట్టక పొడవునా అల్యూమినియం పట్టీలు వేయించండి. సోలార్ ప్యానెళ్ల భారత ప్రమాణం ఐఎస్ 14286 ముద్ర ఉన్నదే తీసుకోండి.

ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య ఛార్జింగ్‌ను అదుపు చేసేది కంట్రోలర్. పెద్ద ప్యానెల్ పెట్టి చవకైన పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ తగిలిస్తే మాత్రం డబ్బంతా వృథా. ఆ ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 యాంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం ఆ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది. 13 యాంపియర్లు, 13.5 వోల్టులు, 175 వాట్లు. మిగతా 365 వాట్లు అందవు. ఎంపీపీటీ రకం ఎక్కువ వోల్టేజీని ఎక్కువ కరెంటుగా మారుస్తుంది. 540 వాట్లకు 100 వోల్టులు, 50 యాంపియర్ల ఎంపీపీటీ సరిపోతుంది.

ఆ 100 వోల్టుల హద్దును తేలిగ్గా తీసుకోకండి. అలాంటి ప్యానెల్ ఖాళీ వోల్టేజీ (కరెంటు లాగనప్పుడు ఉండేది) ఒక్కొక్కటి 49.5. రెండింటిని వరుసగా కలిపితే 99, హద్దులోనే ఉందనిపిస్తుంది. కానీ చలిలో వోల్టేజీ పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో 5 డిగ్రీలున్నప్పుడు మొదటి ఎండ పడగానే అది 104 దాటుతుంది, కంట్రోలర్ అక్కడికక్కడే పోతుంది. రెండు పెట్టేవారు పక్కపక్కన (పారలల్‌గా) కలపండి, లేదా 150 వోల్టుల కంట్రోలర్ కొనండి.

నీడ మన ప్రయాణాల్లో తీరని చిక్కు. మే నెలలో బండిని వేపచెట్టు కింద ఆపాలని ప్రాణం కోరుకుంటుంది, ప్యానెల్‌కు ఎండ కావాలి. ఒక కొమ్మ నీడ మూలన పడినా ప్యానెల్‌లో మూడో వంతు పని ఆగిపోవచ్చు. మేము బండిని నీడలోనే ఆపుతాం; మడిచే 100 వాట్ల ప్యానెల్‌ను పది మీటర్ల కేబుల్‌తో ఎండలో పరుస్తాం. దానికి చిన్న ఎంపీపీటీ విడిగా ఉంది. జూలై, ఆగస్టు ముసురులో నిండు ఎండ రెండు గంటలకు పడిపోయినప్పుడు 540 వాట్లు 0.75 యూనిట్ ఇస్తాయి. రోజుకు 0.7 లోటు. నిండు బ్యాటరీతో కదలకుండా మూడు రోజులు గడుస్తుంది; ఈలోగా రెండు గంటలు బండి నడిపితే ఆ రోజు లోటు పూడిపోతుంది.

ఇన్వర్టర్

ఇంటి ఇన్వర్టర్‌ను బండిలో పెట్టవద్దు. అందులోని ఛార్జర్ సీసం బ్యాటరీ పద్ధతిలో పనిచేస్తుంది. లిథియం సెట్టింగ్ ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉంటే తప్ప నమ్మకండి. మాకు వెయ్యి వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ (ఇంటి కరెంటులాంటి కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్ సరిపోయింది. 500 వాట్ల మిక్సీ మొదలయ్యే క్షణంలో రెండు మూడింతలు లాగుతుంది, కాబట్టి అంతకన్నా చిన్నది వద్దు. స్క్వేర్‌వేవ్ రకం మీద మిక్సీ గుర్రుమంటూ వేడెక్కుతుంది.

వాడనప్పుడు ఇన్వర్టర్ ఆపేయడం అలవాటు చేసుకోండి. ఊరికే ఉన్నా అది 15 వాట్లు తింటుంది, రోజంతా అయితే 360 వాట్-అవర్లు. డిసెంబరులో ఫ్రిజ్ వాడకం అంతేనని గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌ను 12 వోల్టుల నుంచి నేరుగా నడిచే 65 వాట్ల టైప్-సి ఛార్జర్‌తో నింపితే ఇన్వర్టర్ రోజుకు పది నిమిషాలు వేస్తే చాలు.

వైరు, ఫ్యూజు

బ్యాటరీ దగ్గర లక్ష పెట్టినవారు వైరు దగ్గర వెయ్యి మిగుల్చుకోవాలని చూస్తారు. బండ్లు తగలబడేది ఇక్కడే.

12 వోల్టుల్లో అర వోల్టు పోయినా అది నాలుగు శాతం. లెక్క సులభం: దూరాన్ని రెండుతో, కరెంటుతో, 0.0175తో గుణించి, వైరు స్క్వేర్ ఎంఎంతో భాగించండి. ఐదు మీటర్ల దూరంలో ఉన్న ఫ్రిజ్‌కు ఐదు యాంపియర్లు. 1.5 స్క్వేర్ వైరులో 0.58 వోల్టు పోతుంది. బ్యాటరీ సగమున్నా ఫ్రిజ్ వోల్టేజీ చాలదని ఆగిపోతుంది. 4 స్క్వేర్‌లో 0.22 మాత్రమే. ఫ్రిజ్ పాడైందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు దాని వైరు కొలవండి. వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌ను బ్యాటరీకి మీటరు దూరంలోపే పెట్టి 35 స్క్వేర్ రాగి కేబుల్ వాడండి. ఒంటి తీగ వైరు బండి అదురుకు విరుగుతుంది. సన్నని పోగులెక్కువున్నదే కావాలి. కేబుల్ చివర బిగించే లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్‌తో నొక్కించండి. రేకులోంచి వైరు వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్ ఉండాలి.

ఫ్యూజు వస్తువు కోసం కాదు, వైరు కోసం. అది బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలో ఉండాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల యాంపియర్లు పారుతాయి. మామూలు గాజు ఫ్యూజు ఆ ధాటిని ఆపలేదు. ప్రధాన ఫ్యూజుకు అంత కరెంటునూ తెంచగల క్లాస్ టీ రకం అడగండి, వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌కు 125 యాంపియర్లది. ఇళ్లలో ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుకు వాడే ఎంసీబీని బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు వైపు పెట్టడం చాలా చోట్ల చూశాను. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ తనంతట ఆరిపోతుంది. డీసీ సున్నాకు రాదు; స్విచ్ పడినా లోపల మంట వెలుగుతూనే ఉంటుంది. డీసీ అని, వోల్టేజీతో సహా రాసి ఉన్నవే వాడాలి.

230 వోల్టుల వైపు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) తప్పనిసరి. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను బండి చట్రంతో సరైన పద్ధతిలో కలపకపోతే అది అవసరమైనప్పుడు పడదు. ఈ ఒక్క పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి, దగ్గరుండి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. సీట్లు తీయడం, టాపు మీద బరువు పెట్టడం మొదలుపెట్టే ముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ రాతపూర్వకంగా అడగండి.

అంతా బిగించాక నేరుగా అరకు బయలుదేరకండి. ఇంటి ముందు బండి నిలిపి మూడు రాత్రులు అందులోనే పడుకోండి. ఫ్రిజ్ నింపి, ఫ్యాన్లు వేసి, పచ్చడి రుబ్బి, పొద్దునా సాయంత్రం మానిటర్ అంకెలు రాసుకోండి. మిక్సీ రెండు నిమిషాలు తిరిగాక ఇన్వర్టర్ ఆపి, ప్రతి లగ్గు మీదా వేళ్ల వెనకభాగం ఆనించి చూడండి. ఏదైనా వేడిగా తగిలితే అక్కడ జాయింటు సరిగా కూర్చోలేదు. ఫ్యూజు తీసి, ఆ లగ్గు విప్పి మళ్లీ నొక్కించి, మర్నాడు మళ్లీ చూడండి. మొదటి ఘాట్ దిగాక ఇంకోసారి.